చేప మధ్యలోనే ఉండాలి

ఖరీదైన చైనీస్ రెస్టారెంట్లకి ఈమధ్య ఒక జబ్బు పట్టుకుంది. చేప, బాతు, టోఫు, ఆకుకూర, ఏది అడిగినా లోపల కిచెన్‌లోనే ముక్కలు చేసి, మనిషికో ప్లేటు చొప్పున సర్ది, పైన రెండు పువ్వురేకులు కూడా అద్ది తెచ్చిపెడుతున్నారు. ఇంత పెద్ద తెల్ల ప్లేటు, దాని మధ్యలో రెండు ముద్దలకి కూడా రాని పదార్థం. అది తీసేశాక ఇంకోటి, ఆ తర్వాత మరోటి. టేస్టింగ్ మెనూ అంటారు దీన్ని. మా ఆయనకి ఇదంటే ప్రాణం. నాకు ఒళ్లు మంట. ఇద్దరం కాస్త మంచి చోటికి వెళ్దామనుకున్నప్పుడల్లా ఈ పంచాయితీ తప్పడం లేదు కాబట్టి, నా వైపు వాదన ఒకసారి శుభ్రంగా రాసి పెట్టేస్తే నోరు నొప్పి తగ్గుతుందనిపించింది.

నేననేది ఒక్కటే. చైనీస్ భోజనంలో గిన్నెలు టేబుల్ మధ్యలో ఉండాలి. ఇద్దరే వెళ్లినా ఉండాలి. ఆ ఇద్దరూ భార్యాభర్తలైతే మరీను.

మా ఆయన వాదన తీసిపారేసేది కాదు. "నాకు కావాల్సింది నేను తింటాను, నీకు కావాల్సింది నువ్వు తిను, ఇందులో గొడవేముంది?" అంటారు. రెండో పాయింట్, పుస్తకమంత మెనూ చేతికిచ్చి ఎంచుకోమంటే టెన్షన్ తప్ప ఆకలి మిగలదని. మూడోది మాత్రం ఎక్కడో చదివి, దాచుకుని, సమయం చూసి వదిలారు: "అసలు పూర్వం చైనావాళ్లే ఎవరి పళ్లెం వాళ్లు పెట్టుకుని తినేవాళ్లు, తెలుసా?"

తెలుసు. నిజమే. రెండు వేల ఏళ్ల కిందటి హాన్ రాజుల కాలంలో చాపల మీద కూర్చుని, మనిషికో పొట్టి పీట ముందు పెట్టుకుని తినేవాళ్లు. కుర్చీలు, ఎత్తు టేబుళ్లు వాడుకలోకి రావడం ఆ తర్వాతి తాంగ్ రాజుల కాలంలో మొదలై సాంగ్ రాజుల కాలానికి బాగా స్థిరపడింది. అందరూ ఒక బల్ల చుట్టూ చేరాక గిన్నెలు కూడా మధ్యలోకి చేరాయి. అంటే ఈ మధ్యలో పెట్టుకునే పద్ధతికే వెయ్యేళ్ల దాకా వయసుంది. ఇవాళ మనం ఇష్టపడి వెళ్లి తినే వంటల్లో చాలా భాగం ఆ బల్ల చుట్టూ పెరిగినవే. పెకింగ్ డక్‌ని, అంటే చర్మం పెళుసెక్కేలా కాల్చిన బాతుని, హాన్ చక్రవర్తి చాప మీద ఊహించుకోమంటే నావల్ల కాదు.

శుభ్రత సంగతేమిటంటారా? దానికీ జవాబు వందేళ్ల క్రితమే దొరికింది. వూ లియెన్-తే అని ఇప్పటి మలేషియాలోని పెనాంగ్‌లో పుట్టిన డాక్టరు. 1910-11లో ఈశాన్య చైనాలోని మంచూరియాలో ఊపిరితిత్తుల ప్లేగు చెలరేగితే, గుడ్డ మాస్కులు కట్టించి, రోగుల్ని విడిగా ఉంచి దాన్ని అదుపులోకి తెచ్చిన మనిషి. ఒకే గిన్నెలో అందరి చాప్‌స్టిక్సూ పడితే క్షయ లాంటి రోగాలు అంటుకుంటాయని ఆయనకి మనకంటే బాగా తెలుసు. అలాంటివాడు కూడా గిన్నెలు మధ్యలోంచి తీసేయమనలేదు. వాటన్నిటినీ ఒక తిరిగే పళ్లెం మీద పెట్టి, ఒక్కోదానికి వడ్డించుకునే గరిటె వేరుగా ఉంచమన్నాడు. 1915 ప్రాంతంలో ఆయన చెప్పిన ఏర్పాటది. ఇప్పుడు పెద్ద గుండ్రటి టేబుళ్ల మీద కనిపించే తిరుగుడు పళ్లేనికి అది పూర్వీకుల్లో ఒకటి. 2003లో సార్స్ వచ్చినప్పుడు, 2020లో కోవిడ్ వచ్చినప్పుడు కూడా చైనాలో గట్టిగా ప్రచారం చేసినవాటిలో వడ్డించుకోడానికి వేరే చాప్‌స్టిక్స్ వాడమనేది ఒకటి. ప్లేగుతో పోరాడి గెలిచిన డాక్టరే పట్టుబట్టనిదాన్ని ఒక హెడ్ షెఫ్ వచ్చి అందం కోసం చేస్తానంటే నేనెందుకు ఒప్పుకోవాలి?

అసలు విషయం రుచి. చేప సంగతే చూడండి. కాంటనీస్, అంటే దక్షిణ చైనా, పద్ధతి తెలిసిన చోట ముందు చేపని బతికుండగానే తెచ్చి చూపిస్తారు. సరేనన్నాక లోపలికి తీసుకెళ్లి, ఆవిరి మీద కొద్ది నిమిషాలే ఉంచుతారు. ఒక్క నిమిషం ఎక్కువైతే కండ పొడిబారి పీచులా అవుతుంది. దించాక సన్నగా దారాల్లా తరిగిన అల్లం, ఉల్లికాడలు పైన పరిచి, పొగలు కక్కే నూనె పోస్తారు. చుయ్‌మంటుంది. ఆ వేడికి ఉల్లికాడలు ఉంగరాలు తిరిగి అలాగే ఆగిపోతాయి. చుట్టూ కాస్త తియ్యదనం ఉన్న సోయా సాస్. అంతే, మసాలా లేదు, మరుగు లేదు. దాచడానికి ఏమీ లేని వంట కాబట్టి చేప నిన్నటిదైతే మొదటి ముక్కకే దొరికిపోతుంది.

మంచి వెయిటర్ రెండు స్పూన్లతో వెన్ను వెంబడి గీత గీసి, పై కండని రెండు పక్కలకీ తెరిచి, తోక దగ్గర పట్టుకుని ముల్లుని మొత్తం ఒక్క ముక్కగా పైకి లేపుతాడు. చేపని తిరగేయడు. తిరగేస్తే పడవ బోల్తా పడుతుందని జాలర్ల నమ్మకం, అది రెస్టారెంట్ల దాకా వచ్చింది. ముల్లు పోయాక కింది కండ ఆ సాస్‌లో నానుతూ ఉంటుంది. తలలో, కంటి కింద, చెంప దగ్గర గోరంత కండ ఉంటుంది, చాప్‌స్టిక్ కొనతో తోడాలి. చేప మొత్తంలో అంత మెత్తటిది, అంత రుచైనది ఇంకెక్కడా ఉండదు. చేపకి రెండు చెంపలు, మేమిద్దరం. లెక్క సరిపోయింది కదా అనుకుంటే, కింది వైపు చెంప ఎక్కడుందో మా ఆయనకి ఇప్పటికీ తెలీదు. ఆయన కోసం నేను తోడి పెడతాను, ఒక్కోసారి పెట్టను. అది ఆ పూట మా మధ్య వాతావరణాన్ని బట్టి ఉంటుంది.

ఇదే చేప టేస్టింగ్ మెనూలో ఎలా వస్తుందో చెప్పనా? రెండు వేళ్ల వెడల్పు ముక్క, చర్మం తీసేసి, పక్కన ఆకుపచ్చ చుక్కలు. కిచెన్‌లో కోసి, సర్ది, తుడిచి, తెచ్చేసరికి నూనె వేడి పోయింది. తల ఏమైందో ఎవరూ అడగరు. మేము దేనికోసం డబ్బు కట్టామో అది లోపలే ఉండిపోయింది.

బాతుది మరీ అన్యాయం. పెకింగ్ డక్ చేసేవాళ్లు పడే శ్రమ చూస్తే ధర గురించి నోరెత్తబుద్ధి కాదు. చర్మానికీ కండకీ మధ్యలోకి గాలి ఊది రెండిటినీ విడదీస్తారు. మరిగే నీళ్లు పోసి చర్మాన్ని బిగిస్తారు. మాల్టోజ్ అనే ఒక రకం చక్కెర పాకం పూసి, గంటల తరబడి వేలాడదీసి ఆరబెడతారు. బీజింగ్‌లో 1864లో మొదలైన చ్వాన్‌జూడ అనే రెస్టారెంట్ తరహాలో అయితే రేగు, పియర్ లాంటి పండ్ల చెట్ల కట్టెలు మండే పొయ్యిలో కొక్కేనికి తగిలించి కాలుస్తారు. ఇంతా చేసేది ఆ చర్మం గాజులా పెళుసుగా రావడం కోసం. ఆ పెళుసుదనం ఆయుష్షు కొద్ది నిమిషాలు. అందుకే బాతుని టేబుల్ పక్కకే తెచ్చి కోస్తారు. మొదటి చర్మం ముక్కల్ని పంచదారలో అద్దుకుని తినాలి, తర్వాత పల్చటి రొట్టె, ఉల్లికాడలు, పులియబెట్టిన పిండితో చేసే తియ్యటి నల్ల సాస్. చుట్టుకోవడం మన చేతి పని. మా ఆయన చుడితే కింద నుంచి సాస్ కారుతుంది, నేను చుడితే ఉల్లికాడలు బయటికి పొడుచుకొస్తాయి. పట్కార్లతో ముందే చుట్టి, మనిషికొకటి చొప్పున ప్లేటులో పడుకోబెట్టి తెచ్చే రోల్‌లో ఆ ఆవిరికే చర్మం మెత్తబడి తోలైపోతుంది.

ఇద్దరికి బాతు మొత్తం ఎక్కువ కదా అని అడుగుతారు. సగం బాతు ఇచ్చే చోట్లు చాలానే ఉన్నాయి. మిగిలిన ఎముకలతో సూప్ చేసివ్వమని ముందే చెప్పొచ్చు. బాతుకి ఎలాగూ ముందురోజే చెప్పాలి కాబట్టి అదీ అప్పుడే మాట్లాడుకోవచ్చు.

ఇక మెనూ టెన్షన్ సంగతి. టేస్టింగ్ మెనూలో ఎంచుకునే బాధ ఉండదు, షెఫ్ ఏది పెడితే అది, అదే హై క్లాస్ అంటారు ఆయన. హై క్లాస్ అంటే ఏమిటో చైనావాళ్లు 900 ఏళ్ల క్రితమే తేల్చేశారు. ఉత్తర సాంగ్ రాజధాని కైఫెంగ్ 1127లో శత్రువుల చేతికి చిక్కింది. మెంగ్ యువాన్‌లావ్ అనే ఆయన దక్షిణానికి పారిపోయి, పోగొట్టుకున్న ఆ ఊరిని తలుచుకుంటూ 1147లో రాసుకున్న జ్ఞాపకాల్లో రెస్టారెంట్ల వర్ణన ఉంది. కూర్చోగానే ఒకడొచ్చి ఏం కావాలో అడుగుతాడు. ఒకరు వేడిగా అంటారు, ఒకరు చల్లగా, ఇంకొకరు కొవ్వు లేకుండా. అందరూ చెప్పింది గుర్తుపెట్టుకుని వంటింటి ముందు నిలబడి గడగడా అప్పజెప్తాడు. కాసేపట్లో వడ్డించేవాడు ఎడమచేతిలో మూడు గిన్నెలు, కుడిచేతి మీద అరచెయ్యి నుంచి భుజం దాకా ఇరవై గిన్నెల దాకా పేర్చుకుని వచ్చి, ఎవరిది వాళ్లకి దించుతాడు. పొరపాటు జరిగి గిరాకీ ఫిర్యాదు చేస్తే తిట్లు, జీతంలో కోత, ఒక్కోసారి ఉద్యోగమే పోతుంది. పారిస్‌లో రెస్టారెంట్ అనే మాట పుట్టడానికి ఆరొందల ఏళ్ల ముందు సంగతిది. అక్కడ గొప్పతనమంటే తినేవాడు అడిగింది అడిగినట్టు రావడం. వండేవాడి ఇష్టాన్ని నోరు మూసుకుని తినడం కాదు.

పైగా ఆ ఎంచుకోవడంలోనే కదా ఇద్దరం కలిసి చేసే పని ఉంది. చైనీస్ భోజనం ఆర్డర్ చేయడానికి ఒక ఒడుపు ఉంటుంది. ఒకటి ఆవిరిది, ఒకటి పెద్ద మంట మీద వేయించినది, ఒకటి నిదానంగా సాస్‌లో మగ్గినది, ఒక ఆకుకూర. ఒకే సాస్ రెండుసార్లు రాకూడదు, ఒకే మాంసం కూడా. ఎనిమిది మంది ఉంటే ఇది తేలిక. ఇద్దరే ఉంటే మూడు, మహా అయితే నాలుగు వంటకాలకి మించి తినలేరు కాబట్టి ప్రతి ఎంపికకీ ఒకరు మరొకరికి సమాధానం చెప్పుకోవాలి. "మళ్లీ టోఫూనా?" "మీరు కారం తట్టుకోలేరు కదా, ఎందుకా పట్టుదల?" "తట్టుకుంటాను, నువ్వు చెప్పు." మెనూ మీద తలలు దగ్గర పెట్టుకుని మేము ఇంతసేపు ఒకే విషయం మాట్లాడుకునేది ఇంకెక్కడా లేదు. టేస్టింగ్ మెనూ ఆ పావుగంటని ఆదా చేస్తుందట. ఆదా చేసి ఏం చేసుకుంటాం? ఫోన్లు చూసుకుంటాం.

తట్టుకుంటానని తెప్పించుకున్న సిచువాన్ రాష్ట్రపు టోఫు సంగతి కూడా చెప్పాలి. అందులో ఎండుమిరపకారం ఒక ఎత్తు, సిచువాన్ మిరియాలు ఒక ఎత్తు. అవి పేరుకే మిరియాలు, నోట్లో పడితే పెదాలు తిమ్మిరెక్కి జుమ్మంటాయి. 2013లో లండన్‌లోని పరిశోధకులు ఆ జుమ్మనడాన్ని కొలిస్తే, సెకనుకి దాదాపు 50 సార్లు కంపించే దాన్ని తాకినట్టు నరాలకి అనిపిస్తుందని తేలింది. రెండో స్పూనుకి మా ఆయన మాట్లాడటం ఆపేశారు, నుదుటి మీద చెమట. గిన్నె నా వైపు జరిగింది, ఆకుకూర గిన్నె ఆయన వైపు వెళ్లింది. ఎవరి ప్లేటు వాళ్లకైతే ఆయన ఆ టోఫుతోనే కుస్తీ పడాలి, లేదా వదిలేయాలి. పరువు కోసం తినేసేవారని నా అనుమానం.

మెనూ మొదటి పేజీ మాత్రం మేమిద్దరం గొడవ లేకుండా తిప్పేస్తాం. ఒక రకం పిట్ట తన లాలాజలంతో కట్టుకునే గూడుతో చేసే పక్షిగూడు సూప్, సీ కుకుంబర్ అనే సముద్రజీవి, సొరచేప రెక్కలు అక్కడే ఉంటాయి. సొరచేప రెక్కలు మానేయడానికి రుచితో పని లేదు, ఆ చేపలకి జరిగేది తెలిస్తే చాలు. 2013 డిసెంబర్‌లో చైనా ప్రభుత్వమే అధికార విందుల్లో వాటిని, పక్షిగూడుని కూడా వద్దంది. పక్షిగూడు గురించి యువాన్ మెయ్ అనే కవి 1792లో వచ్చిన తన వంటల పుస్తకంలో చెప్పిన సంగతి నాకు చాలా ఇష్టం. పేరు చూసి తినేవాళ్లు నోటితో కాదు, చెవులతో తింటున్నారంటాడు. ఒకాయన విందుకి పిలిచి, కుండంత గిన్నెలో ఉత్త నీళ్లలో ఉడికించిన పక్షిగూడు పెట్టాడట. రుచీ పచీ లేదు. అందరూ ఆహా ఓహో అంటుంటే, మనం పక్షిగూడు తినడానికి వచ్చాం గానీ టోకున కొనుక్కుపోయే బేరానికి రాలేదని నవ్వాడట యువాన్ మెయ్. గొప్ప చూపించుకోవడమే పనైతే గిన్నెలో వంద ముత్యాలు పోసి పెట్టొచ్చు కదా, తినలేకపోతేనేం అని కూడా. బాగా చేసిన టోఫు పక్షిగూడు కన్నా ఎంతో మేలని ఆయన తీర్పు. ఇప్పటి రెస్టారెంట్ల మొదటి పేజీకి రెండొందల ఏళ్ల ముందే రాసిన రివ్యూ అది.

ఖరీదు పెట్టదగ్గది వేరే ఉంది. సిచువాన్ పద్ధతి సూప్ ఒకటి. గిన్నెలో చూస్తే వేడినీళ్లు, అందులో లేత క్యాబేజీ మొవ్వు. అంతే. మొదటిసారి అది మా టేబుల్ మీదకి వచ్చినప్పుడు మా ఆయన బిల్లుని తలుచుకుని నావైపు చూసిన చూపు నాకు బాగా గుర్తు. ఆ "నీళ్లు" ముసలి కోడి, బాతు, పంది తొడ హ్యామ్, స్కాలప్స్ అనే ఎండబెట్టిన సముద్రపు ఆల్చిప్పల మాంసం గంటల తరబడి సన్నసెగ మీద కాచిన రసం. తర్వాత కోడి రొమ్ము కండని మెత్తగా నూరి, నీళ్లలో కలిపి ఆ రసంలో పోస్తారు. మడ్డంతా దానికి అంటుకుని తేలుతుంది, తీసేస్తారు. మళ్లీ పోస్తారు, మళ్లీ తీస్తారు. రసం నీళ్లలా తేటబడేదాకా ఇదే పని. పక్షిగూడు కొనడానికి డబ్బుంటే చాలు. ఇది చేయడానికి ఎన్నో ఏళ్ల చేతివాటం ఉన్న వంటవాడు కావాలి. ఒక్క గుటక తాగి ఆయన చూపు మార్చుకున్నారు. కానీ వెంటనే, "చూశావా, ఇది మాత్రం ఎవరి గిన్నె వాళ్లకే వచ్చింది" అన్నారు. వచ్చింది. సూప్ ఎప్పుడూ చిన్న గిన్నెల్లో పోసుకునేదే కాబట్టి దానికి నాకు అభ్యంతరం లేదు. ఆ ఒక్కటీ ఆయన ఖాతాలో వేసుకోవచ్చు.

నా వాదనకి అసలైన దెబ్బ మా ఆయన నుంచి కాదు, ఒక స్నేహితురాలి నుంచి తగిలింది. "గిన్నెలు మధ్యలో పెడితే చివరికి వడ్డించేది ఎవరే? నువ్వేగా. బయటికి వచ్చి కూడా అదే పనా? నా ప్లేటు నాకు తెచ్చిస్తే నేను హాయిగా తింటాను" అంది. ఇది చాలా గట్టి మాట. చాలా టేబుళ్ల దగ్గర చూస్తూనే ఉంటాను, భర్త చాప్‌స్టిక్స్ పట్టుకుని ఎదురుచూస్తుంటాడు, భార్య స్పూను పట్టుకుని లెక్కలు వేస్తుంటుంది. ఆయనకి రెండోసారి పెట్టి తను మొదటిసారి పెట్టుకునేసరికి వేయించిన కూర చల్లారిపోతుంది. దీనికి విడి ప్లేట్లు ఒక పరిష్కారమే, కాదనను. కానీ వడ్డించే పని ఒకరి మీదే పడుతోందని గిన్నెల్ని తీసేయడం కన్నా, ఆ పనిని రెండో మనిషికి అప్పజెప్పడం తేలిక కదా! మా ఇద్దరి మధ్య రూలు ఏమిటంటే, ఏ వంటకం ఎవరు ఎంచుకుంటే దాన్ని వాళ్లే వడ్డించాలి. చేప నాది, బాతు ఆయనది. ఆయన వడ్డన ఘోరంగా ఉంటుంది, టేబుల్ క్లాత్ మీద సాస్ చుక్కలు పడతాయి. పడనివ్వండి. ఉతికేది నేను కాదు.

టీ కూడా ఆయన వంతే. ఎవరైనా కప్పులో టీ పోస్తే మాట ఆపి థాంక్స్ చెప్పక్కర్లేదు, టేబుల్ మీద రెండు వేళ్లతో మెల్లగా తట్టితే చాలు. మారువేషంలో తిరుగుతున్న చియాన్‌లుంగ్ చక్రవర్తి టీ పోస్తే, సేవకుడు సాగిలపడటానికి వీల్లేక వేళ్లు వంచి దణ్ణం పెట్టాడని దీనికొక కథ చెబుతారు. కథ నిజమో కాదో గానీ పద్ధతి మాత్రం చక్కటిది. సగం చెప్పిన మాట సగంలో ఆగదు. టీ కుండలో నీళ్లు అయిపోతే మూత కాస్త పక్కకి పెడితే వాళ్లే చూసి వేడినీళ్లు పోస్తారు. డెజర్ట్ గురించి రాయడానికేమీ లేదు, మేము తెప్పించుకోం.

ఈసారి బుక్ చేసేటప్పుడు ఫోన్‌లోనే మాట్లాడాలని అనుకున్నాం. ఏం అడగాలో చీటీ కూడా ఉంది. చేప ఇద్దరికి సరిపడేది, ఆరేడు వందల గ్రాములకి మించకుండా ఉందా? మొత్తంగా, తలతో సహా టేబుల్ మీదకి వస్తుందా? సగం బాతు ఇస్తారా, మా ముందే కోస్తారా? ఆర్డర్ చేసినవన్నీ ఒకేసారి వచ్చిపడకుండా ఒకదాని వెనక ఒకటి తేగలరా? చివరి ప్రశ్న టేబుల్ గురించి. ఇద్దరనగానే గోడవారగా ఇరుకు బల్ల ఇచ్చి ఎదురెదురుగా కూర్చోబెడతారు. దాని మీద చేప పళ్లెం అడ్డంగా పడితే ఒకరికి తల, ఇంకొకరికి తోక. మాకు నలుగురి టేబుల్ కావాలి, దాని మూలకి ఆ పక్కా ఈ పక్కా కూర్చుంటాం. ఆ టైముకి అలాంటిది లేదంటే గంట ఆలస్యంగా వస్తాం. ఫోన్ చేసేది మా ఆయన.